బడిలో ప్రార్థన

పిల్లలు బడిలో ప్రార్థన చేయడం మంచిదే గదా, దానికి కోర్టు కెక్కవలెనా అని మేమూ అనుకున్నవారమే. అమెరికాలో జరిగిన సంగతి చదివిన తరువాత మా అభిప్రాయం మారింది.

న్యూయార్కు రాష్ట్ర విద్యామండలి 1951లో ఒక ప్రార్థన తయారుచేసింది. ఇంగ్లీషులో అది 22 మాటలే. ఏ మతం పేరూ అందులో లేదు. 1958లో హెరిక్స్ ప్రాంతపు పాఠశాలల బోర్డు దానిని ప్రతి ఉదయమూ చెప్పించమన్నది. ఇష్టం లేని పిల్లలు ఊరకుండవచ్చును, గది వెలుపలికైనా పోవచ్చునన్నారు.

చిక్కంతా అక్కడే ఉన్నది. తరగతి అంతా ప్రార్థిస్తూ ఉంటే పసివాడొకడు ఒంటరిగా లేచి పోగలడా? ఐదు కుటుంబాలవారు వ్యాజ్యం వేసినారు. 1962 జూన్ 25న సుప్రీంకోర్టు 6–1 ఆధిక్యంతో ఆ ప్రార్థన చెల్లదన్నది. ప్రార్థనలు రచించడం ప్రభుత్వం పని కాదనీ, ఇట్లా అనడం మతద్వేషం కాదనీ న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ వివరించినారు. పూర్వం ఇంగ్లండులో సర్కారు విధించిన ప్రార్థనలు గిట్టకనే ఎందరో అమెరికాకు వలసపోయినారని గుర్తుచేసినారు.

మన రాజ్యాంగపు 28వ అధికరణం కూడా పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలలో మతబోధ కూడదన్నది. ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందే ఇతర సంస్థలలో, పెద్దల సమ్మతి లేనిదే పిల్లలను మతబోధకు గాని ఆరాధనకు గాని రమ్మని నిర్బంధించరాదన్నది.

పరభాషా ప్రాంతాలలో తరతరాలుగా కాపురమున్న మనకు, తరగతిలో ఒంటరియైన పిల్లవాని మనసు ఒకరు చెప్పనక్కరలేదు. దేవుని ముందు రెండు మాటలు నేర్పడం ఇంటి పెద్దల పని. దానిని సర్కారుకు అప్పగించవద్దు.