కొలతలు వేశారా? చెరిపేయండి!

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో డ్రాయింగ్ షీట్ మీద ఒక్క కొలత మర్చిపోయినా మార్కులు పోయేవి, గుర్తుందా? అదే అలవాటుతో పేటెంట్ దరఖాస్తుకి బొమ్మ గీస్తే తప్పు అవుతుంది. పేటెంట్ నిబంధనలు-2003లోని 15వ నిబంధన ప్రకారం బొమ్మ మీద కొలతలు ఉండకూడదు.

ఎందుకలా? వర్క్‌షాప్‌కి పంపే బొమ్మ వస్తువు తయారు చేయడానికి. పేటెంట్ బొమ్మ ఆలోచనను అర్థం చేయించడానికి. మీరు రక్షణ కోరేది 20 మి.మీ. పైపుకి కాదు, అది పనిచేసే తీరుకి.

కొలతలే కాదు, వివరణలూ రాయకూడదు. ఒక్క ఫ్లో డయాగ్రమ్‌కే మినహాయింపు. మరి స్ప్రింగ్ ఏదో, వాల్వ్ ఏదో ఎలా తెలుస్తుంది? ప్రతి భాగానికీ ఒక అంకె ఇచ్చి, దాని సంగతి స్పెసిఫికేషన్‌లో రాస్తారు. మొదటి బొమ్మలో స్ప్రింగ్ 12 అయితే ఐదో బొమ్మలోనూ 12 గానే ఉంచండి. అందరూ తడబడేది ఇక్కడే. క్యాడ్ నుంచి షీట్‌ను ఉన్నదున్నట్టు ఎక్స్‌పోర్ట్ చేస్తే టైటిల్ బ్లాక్, కొలతలు, నోట్స్ అన్నీ వెంట వచ్చేస్తాయి, జాగ్రత్త.

కాగితం ఏ4. పైన, ఎడమ పక్కన కనీసం 4 సెం.మీ., కింద, కుడి పక్కన 3 సెం.మీ. ఖాళీ వదలాలి. ఎడమ పై మూలలో దరఖాస్తుదారు పేరు, కుడి పై మూలలో మొత్తం షీట్లు, ఈ షీట్ నంబరు, కుడి కింది మూలలో సంతకం.

మార్జిన్ తప్పితే దిద్దుకోవచ్చు. కానీ దరఖాస్తులో బొమ్మలోనూ రాతలోనూ లేని కొత్త విషయాన్ని తర్వాత సవరణ పేరుతో చేర్చడానికి చట్టంలోని 59వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ ఒక్క భాగమే మీ ఆవిష్కరణకు ప్రాణమైతే? అందుకే ముందు బొమ్మ, తర్వాతే రాత అనుకోవడం మేలు.

ఈ పని నచ్చితే ఉపాధి దారీ ఉంది. 21 ఏళ్లు నిండి, సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉన్న భారత పౌరులు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. చెరో 100 మార్కులకు రెండు పేపర్లు, 50 మార్కులకు వైవా. ఒక్కో పేపర్లో 50 శాతం, మొత్తమ్మీద 60 శాతం రావాలి. రెండో పేపరు పూర్తిగా స్పెసిఫికేషన్ రాయడం, చదివి అర్థం చేసుకోవడం మీదే. లా డిగ్రీ అక్కర్లేదు.

ఈ ఆదివారం మీ పాత ప్రాజెక్టు షీట్ ఒకటి తీసి, కొలతలు, పేర్లు తీసేసి అంకెలతో మళ్లీ గీయండి. వివరణ రాసి వేరే బ్రాంచ్ ఫ్రెండ్‌కి ఇవ్వండి. మిమ్మల్ని ఏమీ అడక్కుండా అది ఎలా పనిచేస్తుందో చెప్పగలడేమో చూడండి.