దోరగానా, నల్లగానా?

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఇప్పుడు ఇరానీ చాయ్‌కి పోటీగా కాఫీ చెయిన్లు వెలిశాయి. హాకథాన్ ముందు రాత్రి వాటి కౌంటర్ దగ్గర మనవాళ్లు చెప్పే మాట ఒకటే: "డార్క్ రోస్ట్ ఇవ్వండి, స్ట్రాంగ్‌గా ఉండాలి." నిద్ర ఆపుకోవడానికే డార్క్ అడుగుతుంటే మాత్రం దాని వల్ల లాభం లేదు. ఎందుకో తెలియాలంటే ముందు వంటింట్లోకి వెళ్లాలి.

చట్నీకి అమ్మ పల్లీలు వేయించడం గుర్తు తెచ్చుకోండి. దోరగా వేగితే పల్లీ రుచి తెలుస్తుంది. ఇంకాస్త ఎర్రబడితే కమ్మటి వాసన వస్తుంది. ఫోన్ చూస్తూ మరో రెండు నిమిషాలు వదిలేశామా, ఇక మిగిలేది మాడు రుచే. అది పల్లీయో శనగపప్పో నాలుకకి పట్టదు. కాఫీ గింజ సంగతీ ఇంతే.

పచ్చి గింజకి కాఫీ వాసనే ఉండదు, గడ్డి వాసన వస్తుంది. వేడి ఎక్కేకొద్దీ అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మెయిలార్డ్ చర్య మొదలవుతుంది. పెనం మీద దోసె ఎర్రబడేదీ దీనివల్లే. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి ఆవిరి ఒత్తిడికి గింజ టప్‌మని పగులుతుంది. దీన్ని ఫస్ట్ క్రాక్ అంటారు. ఆ తర్వాత కాసేపటికే దించేస్తే లైట్ రోస్ట్, ఇంకొంచెం ఉంచితే మీడియం. సుమారు 225 దగ్గర సన్నగా చిటపటమంటూ సెకండ్ క్రాక్ వస్తుంది. అక్కడిదాకా వెళ్తే డార్క్, గింజ మీద నూనె మెరుస్తుంది.

లైట్‌లో సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు చాలావరకు మిగులుతాయి కాబట్టి నిమ్మ, ఆపిల్ లాంటి పులుపు తగులుతుంది. వేయించేకొద్దీ అవి తగ్గిపోతాయి. క్లోరోజెనిక్ ఆమ్లాలు ముందు లాక్టోన్లుగా, తర్వాత ఫినైలిండేన్లుగా మారతాయి. డార్క్‌లో గొంతు పట్టే ఆ మొండి చేదు వీటిదే.

కెఫీన్ మాత్రం ఈ వేడికి పెద్దగా చెక్కుచెదరదు. అందుకే బరువు సమానమైతే లైట్‌లోనూ డార్క్‌లోనూ కెఫీన్ దాదాపు ఒకటే. అసలు తేడా గింజ జాతిలో ఉంది: రోబస్టాలో అరబికా కంటే సుమారు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. ఇంట్లో ఫిల్టర్ కాఫీకి ఆ చిక్కదనమిచ్చే చికోరీలో అయితే కెఫీనే లేదు!

మరి చెయిన్లు డార్క్ వైపు ఎందుకు మొగ్గుతాయి? పాలు, సిరప్, క్రీమ్ అన్నీ పోశాక కూడా కాఫీ రుచి పైకి తేలాలి. పైగా ఏ తోట గింజైనా, ఏ ఊళ్లో తాగినా ఒకే రుచి రావాలి. డార్క్ ఆ తేడాలను కప్పేస్తుంది. స్టార్‌బక్స్ ఎస్ప్రెసో రోస్ట్ డార్కే. దాని మాడు రుచిని వెక్కిరిస్తూ అమెరికాలో 'చార్‌బక్స్' అని పేరు కూడా పెట్టారు. తేలికైన బ్లాండ్ రోస్ట్‌ను ఆ కంపెనీ అక్కడ 2012లో తెచ్చింది.

నాకు బాధనిపించేది అరకు విషయంలో. 2019లో జీఐ గుర్తింపు పొందిన ఈ అరబికాను గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన పెంచుతారు. మంచి కాఫీ కావాలంటే ఎర్రగా పండిన పళ్లనే ఏరి కోయాలి. ఇంత కష్టపడి తెచ్చిన రుచిని మనం నల్లగా మాడ్చి, పైన కారమెల్ పోసుకుని తాగితే ఆ కొండ ఆ కప్పులో ఎక్కడుంటుంది?

అలాగని లాటేకి లైట్ రోస్ట్ అడగకండి. ఆ పులుపు పాలల్లో పడితే మజ్జిగేమో అని అనుమానం వస్తుంది. పాల కాఫీకి మీడియం లేదా డార్క్, పాలు లేని పోర్ ఓవర్‌కి లైట్ లేదా మీడియం బాగుంటాయి. ప్యాకెట్ కొంటే రోస్ట్ చేసిన తేదీ చూడండి. నూనె తేలిన డార్క్ గింజ గాలి తగిలి త్వరగా పాతబడుతుంది. ఇక రాత్రంతా మేలుకోవాల్సి వస్తే రోస్ట్ మార్చకండి, ఇంకో షాట్ వేయించుకోండి.