ఇంగ్లిష్ వచ్చు... మరి పాస్‌పోర్ట్ ఏ దేశానిది?

"ఇంగ్లిష్ నేర్పడానికి ఇంగ్లండు వాళ్లు లేరా? నువ్వు పోయి నేర్పాలా?"

వియత్నాం వెళ్లి ఇంగ్లిష్ చెప్తానని ఇంట్లో అన్నరోజు అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. నాన్నది ఇంకో బాధ. రైల్వేలో 34 ఏళ్లు చేసి రిటైరైన మనిషి. "అమెరికా పోయి ఎమ్మెస్ చేస్తానంటే లోన్ పెట్టయినా పంపేవాణ్ణి. వియత్నాం అంటే చుట్టాలకి ఏం చెప్పాలమ్మా?" అన్నారు.

నాన్నకి సర్ది చెప్పడానికి రెండు రోజులు చాలింది. అమ్మ అడిగిన దానికి మాత్రం సరైన జవాబు దొరకడానికి ఏడాది పట్టింది. ఎందుకంటే అమ్మ వేసిన ప్రశ్నే ఉద్యోగాలిచ్చేవాళ్లూ వేస్తున్నారు. కాకపోతే వాళ్లు కాస్త పాలిష్‌గా అడుగుతారు, అంతే.

నాకు 27 ఏళ్లు. సికింద్రాబాద్ మెట్టుగూడలో పెరిగాను. ఉస్మానియాలో ఎమ్మే ఇంగ్లిష్ చేసి, నాలుగేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్తున్నాను. వచ్చే నెల హో చి మిన్ సిటీలో ఒక లాంగ్వేజ్ సెంటర్‌లో చేరుతున్నాను. సంగతి తెలిసిన దగ్గర్నుంచి నా పాత స్టూడెంట్లు ఇన్‌స్టాలో ఒకటే మెసేజ్‌లు. "అక్కా, ఎట్ల పోవాలి? ఏ కోర్సు చెయ్యాలి?" అందరికీ విడివిడిగా రాసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నేటివ్ అంటే ఎవరు?

యూట్యూబ్‌లో ఈ టాపిక్ మీద బోలెడు వీడియోలున్నాయి. చాలావరకు అమెరికా, బ్రిటన్ వాళ్లు చేసినవే. వాళ్ల లిస్టు చిన్నది: డిగ్రీ, ఒక సర్టిఫికెట్, ఫ్లైట్ టికెట్. మన లిస్టులో వీటన్నిటికీ పైన ఇంకో లైన్ ఉంటుంది. అదే పాస్‌పోర్ట్.

దక్షిణ కొరియా సంగతే చూడండి. అక్కడ ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. మనకి ఒక చిన్న సందు ఉంది. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం కింద, ఇంగ్లిష్ డిగ్రీ, టీచింగ్ అర్హత రెండూ ఉన్న భారతీయులు అసిస్టెంట్ టీచర్లుగా వెళ్లొచ్చు. దీని గురించి మనలో చాలామందికి తెలియదు. చైనా కూడా ఇంగ్లిష్ టీచర్ వీసాకి ఇంచుమించు ఇలాంటి దేశాల జాబితానే చూస్తుంది.

'నేటివ్ స్పీకర్స్ ఓన్లీ' అన్న యాడ్ చూసి, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరిగినవాళ్లు కావాలేమో అనుకుంటాం. అది కూడా కాదు. మా సెంటర్‌లో నాతో పనిచేసే ఆంటీ ఆంగ్లో ఇండియన్. సౌత్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగారు. తాతల కాలం నుంచి వాళ్ల మాతృభాష ఇంగ్లిషే. తెలుగే ఆవిడకి తడబడుతుంది. అయినా ఆ యాడ్‌ల లెక్కలో ఆవిడ నేటివ్ కాదు. ఎందుకంటే పాస్‌పోర్ట్ ఇండియాది. "వాళ్లు చూసేది నా నాలుకని కాదు బేబీ, నా పాస్‌పోర్ట్ అట్టని" అని ఆంటీ నవ్వేస్తారు.

మరి మనకి తలుపులు ఎక్కడ తెరిచి ఉన్నాయి? ఒమన్, సౌదీ లాంటి గల్ఫ్ దేశాల కాలేజీల్లో, స్కూళ్లలో మనవాళ్లు ఎప్పటినుంచో ఇంగ్లిష్ చెప్తున్నారు. కాలేజీల్లో అయితే ఎమ్మే, అనుభవం అడుగుతారు. మాల్దీవుల స్కూళ్లలోనూ భారతీయ టీచర్లు చాలామంది ఉన్నారు. వియత్నాంలో డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, హెల్త్ చెకప్ ఉంటే వర్క్ పర్మిట్‌కి దారి ఉంది. నేటివ్ కాని వాళ్లని భాషా పరీక్ష స్కోరు కూడా అడుగుతారు. నేను ఐఈఎల్‌టీఎస్ రాశాను. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా రాసి పెట్టుకోకండి.

తలుపు తీసినా జీతం దగ్గర తేడా కనిపిస్తుంది. నేను చూసిన ఒక యాడ్‌లో ఒకే క్లాసుకి, ఒకే గంటకి రెండు రేట్లు వేశారు. ఒకటి నేటివ్‌కి, ఇంకోటి మిగతావాళ్లకి. దాచిపెట్టను, అది చూసిన రాత్రి నిద్ర పట్టలేదు.

తార్నాకలో దొరికిన జవాబు

అమ్మ ప్రశ్నకి జవాబు మా ఇంటికి బస్సులో పదిహేను నిమిషాల దూరంలోనే ఉంది. తార్నాక దగ్గరున్న ఇఫ్లూ గేటు ముందు నుంచి మనం ఎన్నిసార్లు వెళ్లుంటామో! 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. దేశంలోని ఇంగ్లిష్ టీచర్లకి పాఠం చెప్పడం నేర్పడం దాని పని. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది. 2006లో వచ్చిన చట్టంతో సెంట్రల్ యూనివర్సిటీ అయింది.

నాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటుంది. వియత్నాం, లావోస్, కంబోడియా, మయన్మార్‌లలో ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాలు పెట్టడానికి భారత ప్రభుత్వం సాయం చేసింది. ఆ పనికి అండగా నిలిచింది ఈ హైదరాబాద్ సంస్థే. ఆ దేశాల నుంచి ఇక్కడికి వచ్చి ఇంగ్లిష్ నేర్చుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. అంటే వియత్నాం వాళ్లకి ఇంగ్లిష్ నేర్పడానికి మనూరి వాళ్లు వెళ్లడం నాతో మొదలవలేదు. ఈ సంగతి చెప్తే అమ్మ "అయితే ముందే చెప్పొచ్చుగా" అంది.

సర్టిఫికెట్‌లో ఏం చూడాలి?

ఆన్‌లైన్‌లో '120 గంటల టెఫెల్ కోర్సు, 90 శాతం డిస్కౌంట్' అని రోజుకో యాడ్ కనిపిస్తుంది. వీటిలో చాలావాటిలో వీడియోలు చూసి క్విజ్ రాస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఒక్క స్టూడెంట్‌కి కూడా పాఠం చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా కోర్సు కూడా దాదాపు 120 గంటలే. కానీ అందులో 6 గంటలు నిజమైన స్టూడెంట్లకి మనం పాఠం చెప్పాలి. వెనక కూర్చుని ఒక ట్రైనర్ అంతా రాసుకుంటూ ఉంటారు. ఇంకో 6 గంటలు అనుభవమున్న టీచర్ల క్లాసులు చూడాలి. ఫుల్‌టైమ్ అయితే నాలుగైదు వారాల్లో అయిపోతుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా ఉంది. ఖర్చు మాత్రం లక్షకి పైమాటే. నా చిట్టీ డబ్బులు మొత్తం దానికే పోయాయి. అంత పెట్టలేనివాళ్లు ఇఫ్లూ దూరవిద్యలో ఇచ్చే పీజీసీటీఈ చూడండి. గల్ఫ్ కాలేజీలకి వెళ్లాలనుకునేవాళ్లకైతే ఎమ్మేకి తోడుగా అది బాగా పనికొస్తుంది.

కోర్సు ఏదైనా ఒక్కటే అడగండి: "నేను నిజమైన క్లాసులో ఎన్ని గంటలు పాఠం చెప్తాను?" జవాబు సున్నా అయితే డబ్బులు కట్టకండి.

తెలుగు లేకుండా అరగంట

మన దగ్గర స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు ఎలా ఉంటుందో తెలుసుగా. బోర్డు మీద ఒక వాక్యం రాసి, "అంటే ఏంటంటే..." అని తెలుగులో విప్పి చెప్పేస్తాం. హో చి మిన్ సిటీలో ఆ 'అంటే' పనిచేయదు. నాకు వియత్నమీస్ రాదు, వాళ్లకి తెలుగు రాదు.

అందుకే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురితో ప్రాక్టీస్ చేశాను. నేపాలీ పాప, తొమ్మిదేళ్లు. ఆదివారం అరగంట క్లాసు. ఆ అరగంటలో హిందీ, తెలుగు ఒక్క ముక్క కూడా రాకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నా. ఒకరోజు 'బిగ్గర్ దేన్' నేర్పాలి. వంటింట్లోంచి రెండు ఉల్లిగడ్డలు తెచ్చి ఒకటి పైకెత్తాను, తర్వాత రెండోది. తర్వాత నా చెయ్యి, తన చెయ్యి. పాప కాసేపు చూసి, లేచి గుమ్మం దగ్గరికి పరుగెత్తి, వాళ్ల నాన్న చెప్పు ఒకటి, తన చెప్పు ఒకటి పట్టుకొచ్చింది. "డాడీ చప్పల్ బిగ్గర్ దేన్ మై చప్పల్!" నేను గ్రామర్ ఒక్క ముక్క చెప్పలేదు. అలా పది ఆదివారాలు నడిచాయి.

ఇంకో హోంవర్క్ కూడా చేశాను. వెళ్లే దేశం వాళ్ల నాలుక ఎక్కడ తడబడుతుందో ముందే చదువుకోవాలి. వియత్నాం పిల్లలకి పదం చివరి హల్లులు కష్టం. 'నైస్', 'నైట్', 'నైన్' మూడూ 'నై' లాగే వినిపిస్తాయి. మనం దీనికి పూర్తి రివర్స్. బస్‌ని బస్సు చేస్తాం, కార్‌ని కారు చేస్తాం. వాళ్లు చివర మింగేస్తారు, మనం చివర అతికిస్తాం! కొరియా వాళ్లకి 'ర', 'ల' దగ్గర, అరబ్బులకి 'ప', 'బ' దగ్గర చిక్కు. ఇంగ్లిష్‌ని రెండో భాషగా కుస్తీ పట్టి నేర్చుకున్నాం కాబట్టి ఎక్కడ నొప్పో మనకి తెలుసు. ఇంటర్వ్యూలో "నువ్వు నేటివ్ కాదు కదా" అన్నప్పుడు నేను చెప్పింది ఇదే. ఆ తర్వాత డెమో క్లాసు అడిగారు. డెమో అయ్యాక పాస్‌పోర్ట్ ప్రస్తావన రాలేదు.

పేరు ఒకటి, పేపర్లు నాలుగు

టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు. డిగ్రీలో ఇనీషియల్ మాత్రమే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు వేరే గడిలో. విదేశీ ఆఫీసర్‌కి ఇవి ముగ్గురు మనుషుల పేర్లు! తెలుగువాళ్లందరికీ ఉండే తలనొప్పే ఇది. అన్ని కాగితాలూ ముందే పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

ప్రొవిజినల్‌తో సరిపెట్టుకుని ఒరిజినల్ డిగ్రీ తీసుకోనివాళ్లు మనలో చాలామంది. విదేశంలో పని చెయ్యాలంటే ఒరిజినల్ కావాలి. దాన్ని ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరించి, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తుంది. ప్రభుత్వ ఫీజు డాక్యుమెంట్‌కి 50 రూపాయలే, కాగితాలు తీసుకునే సెంటర్ చార్జీ కొంచెం అదనం. మధ్యవర్తులు వేలల్లో అడిగితే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కొరియా, ఒమన్, సౌదీ, చైనా ఆ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. ఒప్పందంలో లేని దేశాలకైతే ఎంబసీ స్టాంపు కూడా కావాలి. నా డిగ్రీకి అది కూడా అడిగారు.

పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి. ఫీజు 500.

టైపింగ్ స్పీడ్ ఎందుకడిగారు?

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. వియత్నాం ఆఫర్ రాకముందు ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. థాయ్‌లాండ్‌లో ఇంగ్లిష్ టీచర్ పోస్టు, మంచి జీతం, టికెట్ వాళ్లదే. "టూరిస్ట్‌గా రండి మేడమ్, వచ్చాక వీసా మారుస్తాం." ఇంటర్వ్యూలో డెమో క్లాసు అడగలేదు, డిగ్రీ అడగలేదు. టైపింగ్ స్పీడ్ ఎంత అని అడిగారు! స్కూల్ పేరు చెప్పమంటే ఫోన్ పెట్టేశారు.

థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతంలో సైబర్ మోసాల ముఠాలకి అప్పగిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరించింది. 2025 మార్చిలో అలా చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి:

స్కూల్ పేరు, అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చారా? అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న టీచర్‌తో వీడియో కాల్ మాట్లాడనిస్తారా?

వర్క్ పర్మిట్ ఎవరు తీసుకుంటారు, ఎప్పటిలోగా? టూరిస్ట్ వీసా మీద క్లాసు చెప్పడం చట్టవిరుద్ధం. పట్టుబడితే బాధ్యత మనదే.

ఏజెంట్ పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందా? రిజిస్టరైన ఏజెంట్ 30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది, అక్కడా ఆరా తీయొచ్చు.

జీతం గంటకా, నెలకా? సెలవుల్లో ఇస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర పెట్టుకుంటామంటే అక్కడితో ఆపేయండి.

జీతం గురించి నేనూ అడిగాను. నేటివ్ టీచర్లతో సమానంగా ఇవ్వలేమన్నారు. అయితే ఆరు నెలల తర్వాత నా క్లాసులు చూసి రేటు సవరిస్తామన్న మాటని కాంట్రాక్టులో రాయించుకున్నాను. పూర్తి న్యాయం కాదని నాకూ తెలుసు. కానీ ఫోన్‌లో చెప్పిన మాటకీ, కాగితం మీద ఉన్న మాటకీ చాలా తేడా.

మీరూ వెళ్లాలనుకుంటే, కోర్సు వెతకడం కంటే ముందు ఈ వారమే ఒరిజినల్ డిగ్రీకి అప్లై చేయండి. మిగతా పనులన్నీ అది చేతికొచ్చాకే కదులుతాయి.