పసిబిడ్డ హక్కు: తల్లిపాలు, తండ్రి బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లోని రెండవ సూరా అల్ బఖర 233వ ఆయత్ పాలిచ్చే తల్లులను గురించినది. పాల గడువును పూర్తి చేయదలచిన వారికి అది రెండు నిండు సంవత్సరాల కాలం నిర్ణయించింది. ఈ సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. అయితే ఆయత్ అక్కడితో ఆగలేదు. పాలిచ్చే తల్లికి తిండినీ బట్టనూ సమకూర్చే భారాన్ని బిడ్డ తండ్రిపై మోపింది. తండ్రి లేకుంటే వారసునిపై మోపింది. రెండేళ్ళకు ముందే పాలు మాన్పించదలిస్తే ఇద్దరూ ఇష్టపడి, సంప్రదించుకొని ఆ పని చేయాలన్నది. సంప్రదింపుకు ఇక్కడ వాడిన అరబీ పదం 'తషావుర్'. రాజ్య వ్యవహారాలలో మనం వినే 'షూరా' కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. అనువాదం చేసేవాని కలం ఈ మాట దగ్గర కాస్త ఆగుతుంది. పైగా ఈ ఆయత్ తలాఖ్ ఆదేశాల నడుమ వచ్చింది. అనగా ఆలుమగలు విడిపోయినా బిడ్డ పాల హక్కు తెగిపోదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ నాటి ఒక ఉదంతాన్ని చరిత్రకారులు పేర్కొన్నారు. ఆ రోజుల్లో బైతుల్ మాల్ నుండి పాలు మానిన పిల్లలకు మాత్రమే భత్యం ముట్టేది. ఒక రాత్రి మదీనాలో దిగిన వర్తక బిడారుకు ఆయన కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు పదేపదే వినవచ్చింది. తల్లిని మందలించారు. ఎదుట నిలిచినది ఖలీఫా అని ఆమె ఎరుగదు. భత్యం కోసమే బిడ్డచేత గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన రోదన వల్ల ఖిరాఅత్ జనానికి సరిగా వినబడలేదట. పిదప, పుట్టిన ప్రతి శిశువుకూ భత్యం ఇస్తామని, పాలు మాన్పించడంలో తొందరపడవద్దని చాటింపు వేయించారు. ప్రభుత్వ పథకంలోని ఒక చిన్న షరతు ఊయలలోని బిడ్డ దాకా ఎలా చేరుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

మన దేశంలో శిశు పోషణకై జరిగిన జాతీయ ప్రయత్నాలను ఈ దృష్టితో చూడాలి. సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఊరూరా మనం చూసే అంగన్‌వాడీ దాని ఫలమే. డబ్బాపాల కంపెనీల ప్రచారాన్ని అరికట్టేందుకు ప్రపంచ ఆరోగ్య సభ 1981లో ఒక నియమావళిని ఆమోదించింది. దానిని అనుసరించి 1992లో భారత పార్లమెంటు చట్టం చేసింది. డబ్బాపాలను, పాలసీసాలను ప్రకటనలతో ప్రచారం చేయడం, తల్లులకు ఉచితంగా నమూనాలు పంచడం, ఆరోగ్య సిబ్బందికి కానుకలు ఇవ్వడం నిషిద్ధమయ్యాయి. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఉండరాదు. తల్లిపాలే శ్రేష్ఠమన్న హెచ్చరిక ఉండితీరాలి. 2003 సవరణతో రెండేళ్ళ వయసు దాకా ఇచ్చే శిశు ఆహారమంతా ఈ చట్టం కిందికి వచ్చింది. వైద్యులు ఆరోగ్యాన్ని లెక్కించి చేరుకున్న హద్దు కూడా రెండేళ్ళే కావడం గమనించదగ్గది.

చట్టం ఉంది, ఆయత్ ఉంది, మరి ఆచరణ ఏమిటి? అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ఆరు నెలల లోపు పిల్లలలో నూటికి 68 మంది కేవలం తల్లిపాల మీద ఉన్నారు. ఇది దేశ సగటు కన్నా మెరుగు. కాని పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న వారు నూటికి 37 మందే. ఇదే రాష్ట్రంలో నూటికి 61 కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. దేశమంతటి లెక్క తీస్తే ఆపరేషన్లు నూటికి 22కు మించవు. కోత నొప్పితో తల్లి ఒక గదిలో, బిడ్డ బంధువుల చేతుల్లో మరో గదిలో ఉంటే మొదటి గంట దాటిపోతుంది. నిజానికి ఆపరేషన్ అయిన తల్లి కూడా మెలకువగా ఉంటే, ఒకరు ఆసరా పట్టుకుంటే, పాలివ్వగలదు. ఆస్పత్రి వారిని అడిగి ఆ ఆసరా ఏర్పాటు చేయించడం తండ్రి చేయవలసిన పని.

ఆ తొలి గంటలకు మన ఆచారాలు కూడా అడ్డు తగులుతున్నాయి. చిక్కగా, పసుపుగా వచ్చే ముర్రుపాలను మురికి అని పిండి పారబోసేవారున్నారు. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చేది అవే. కేరళలోని కోజికోడ్ జిల్లాలో 2016 నవంబరులో ఒక తండ్రి, అయిదు అజాన్‌లు వినిపించేదాకా పాలివ్వరాదని పట్టుబట్టి బిడ్డను ఒక రోజంతా పస్తుంచాడు. వ్యవహారం పోలీసుల దాకా పోయింది. బిడ్డ చెవిలో అజాన్ పలకడం మంచి ఆచారమే. దాని కోసం బిడ్డను ఆకలితో ఉంచమని ఏ ఫిఖ్హ్ గ్రంథమూ చెప్పదు. తహ్నీక్ సంగతీ అంతే. మెత్తబరచిన ఖర్జూరం అంగిట్లో రాయడమే గాని అది ఆహారం కాదు, పాలకు బదులూ కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరమని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. కనుక ఘుట్టీ పేరుతో తేనె నాకించడం మానాలి.

నందిపేట్ నుండి బోధన్ దాకా మన స్త్రీలలో ఎందరో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడతారు. వెయ్యి బీడీల లెక్కన కూలి గనుక బిడ్డ ఏడ్చినా చేతిలోని కట్ట పూర్తికావాలి. తంబాకు ధూళి అంటిన చేతులు సబ్బుతో కడిగి, పైబట్ట మార్చి పాలివ్వాలి. బిడ్డను చాట పక్కన పడుకోబెట్టరాదు. ఇంటి దగ్గర చుట్టే స్త్రీలకు కూడా ప్రసూతి సౌకర్యం వర్తించేలా 1966 నాటి బీడీ కార్మికుల చట్టంలోనే రాశారు. కాగితం మీది ఆ మాట ఎన్ని గడపలకు చేరిందో చుట్టేవారినే అడగాలి. ఇక మన ప్రాంతపు తండ్రులలో చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. నెలనెలా డబ్బు పంపితే ఆయత్‌లోని 'తిండి, బట్ట' కొంత నెరవేరినట్లే. కాని ఆ డబ్బులో బాలింత పళ్ళెంలోకి ఎంత వస్తున్నదో ఫోనులో అడిగి తెలుసుకోవాలి కదా. అప్పుడే తషావుర్ కూడా జరుగుతుంది.

ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఒక్కటే చాలవు. అంగన్‌వాడీలో ఏడవ నెల నుండి మూడేళ్ళ దాకా ఇచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో చేసినది. గర్భిణికీ బాలింతకూ ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015 జనవరి 1న మొదలైంది. పర్దా పేరుతోనో, 'మనకు సర్కారు తిండి ఎందుకు' అనే బింకంతోనో కొందరు కోడళ్ళను ఆ గడప తొక్కనివ్వరు. బైతుల్ మాల్ భత్యాన్ని ఆనాటి తల్లులు బిచ్చంగా భావించలేదు.

చివరగా పాఠకులు అడుగుతున్న ఒక మస్అలా. హైదరాబాదులోని నీలోఫర్ ఆస్పత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. దాని పేరు 'ధాత్రి'. పాలిచ్చే దాదికి అది పాత మాట. నెలలు నిండక పుట్టిన పిల్లలకు ఈ పాలు ప్రాణాధారం. అయితే షరీఅత్‌లో పాల వల్ల కూడా బంధుత్వం ఏర్పడుతుంది, పాల తోబుట్టువుల నడుమ నికాహ్ హరామ్. పలువురి పాలు కలిపితే ఎవరెవరికి తోబుట్టువులో తెలియదు. ఈ కారణంగానే జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1985 డిసెంబరులో ముస్లిం దేశాలలో ఇటువంటి బ్యాంకులు వద్దన్నది. షేఖ్ యూసుఫ్ ఖర్జావీ వంటి పండితులు మాత్రం రొమ్ము నుండి నేరుగా తాగితేనే రజాఅత్ అవుతుందని, సందేహంతో నిషేధం స్థిరపడదని అనుమతించారు. మన ప్రాంతం వారు అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో సీసాతో పోసినా, ఒక్క గుటకైనా, బంధుత్వం ఏర్పడుతుంది. కాబట్టి అటువంటి అవసరం పడినప్పుడు బిడ్డ ప్రాణానికే మొదటి స్థానమివ్వాలి. ఒకే తల్లి పాలు విడిగా దొరుకుతాయేమో, ఆమె పేరు రాసి ఇస్తారేమో ఆస్పత్రిలో అడగాలి. దొరికితే ఆ పేరును బిడ్డ జనన పత్రంతో పాటే భద్రపరచి, తమ ఆలిమ్‌కు చూపించాలి.