ఆ ఎర్రర్ నోరు నొక్కింది నేనే

డాట్‌నెట్ కొత్తగా వచ్చిన రోజులు. ఇక్కడొక చిన్న క్లినిక్‌కి రోగుల వివరాలు దాచే ప్రోగ్రాము రాసిచ్చాను. అంతా బాగానే ఉంది గానీ, వారానికి ఒకటి రెండుసార్లు ‘కాన్‌కరెన్సీ వయొలేషన్’ అని ఎర్రర్ వచ్చేది. ఒక రికార్డు మారాల్సిన చోట సున్నా రికార్డులు మారాయని దాని సారాంశం. ఫోన్ల మీద ఫోన్లు. విసుగొచ్చి అప్‌డేట్ వాక్యం తెరిచి చూశాను. ‘వేర్’ తర్వాత రోగి నంబరుతో పాటు ప్రతి గడి పాత విలువా ఉంది. అవన్నీ పీకేసి నంబరొక్కటే ఉంచాను. ఎర్రర్ మాయం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నెల తిరక్కుండానే అక్కడి నర్సు ఫోన్ చేసింది. ఒక పెద్దాయనకి పెన్సిలిన్ పడదని తానే ఎక్కించిందట, ఇప్పుడు చూస్తే ఆ గడి ఖాళీగా ఉందట. ఆవిడకి గుర్తుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే?

జరిగిందేమిటంటే, ముందు రిసెప్షన్‌లో ఉన్నామె ఆ రికార్డు తెరిచింది. ఈలోగా నర్సు అదే రికార్డు తెరిచి, ఎలర్జీ రాసి సేవ్ చేసింది. తర్వాత రిసెప్షన్ ఆమె ఫోన్ నంబరు సరిచేసి సేవ్ కొట్టింది. నా ప్రోగ్రాము ఆమె దగ్గరున్న పాత కాపీ మొత్తాన్ని, ఖాళీ ఎలర్జీ గడితో సహా, తిరిగి రాసేసింది. దీన్నే ‘లాస్ట్ అప్‌డేట్’ అంటారు. నేను పీకేసిన పాత విలువల పని ఒక్కటే: ‘నేను చూసినప్పుడు ఉన్నట్టే ఇప్పుడూ ఉంటేనే మార్చు’ అనడం. సున్నా వచ్చిందంటే ఈలోగా ఇంకెవరో ఆ రికార్డుని మార్చారనో, తీసేశారనో అర్థం.

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఒకరి చేతిలోనే ఉంటుంది. ఆయన రాసేదాకా మిగతావాళ్ళు ఆగాలి. డేటాబేస్‌లో లాకు వేయడం అలాంటిదే. పదిమంది వాడే చోట ఒకరు రికార్డు తెరిచి భోజనానికి వెళ్తే అందరి పనీ ఆగిపోతుంది. అందుకే రెండో దారి: ఎవరినీ ఆపకుండా, రాసే ముందు మాత్రం సరిచూసుకోవడం. 1981లో కుంగ్, రాబిన్సన్ తమ పరిశోధన పత్రంలో దీన్ని ‘ఆప్టిమిస్టిక్’ పద్ధతి అన్నారు.

ఆ వారాంతమంతా కూర్చుని సరిచేశాను. ప్రతి రికార్డుకీ ఒక వెర్షన్ గడి పెట్టాను. ఎవరు మార్చినా అది మారుతుంది. ‘వేర్’లో రోగి నంబరు, తెరిచినప్పటి వెర్షన్, రెండూ చూస్తాను. సున్నా వస్తే రికార్డు మళ్ళీ చదివి మూడు విలువలూ పక్కపక్కన చూపిస్తాను: తెరిచినప్పుడు ఉన్నది, ఇప్పుడు ఉన్నది, మీరు రాసింది. ఇద్దరూ వేర్వేరు గడులు మార్చి ఉంటే ప్రోగ్రామే కలిపేస్తుంది. ఒకే గడి అయితే మనిషే తేల్చుకోవాలి. ఎలర్జీ గడి మాత్రం ఎప్పుడూ మనిషి చూడాల్సిందే.

తర్వాత కూడా ఫోన్లు వచ్చాయి. ‘మీరు తెరిచాక ఈ వివరాలు మారాయి అంటోంది, ఏం చేయమంటారు?’ అని. ఎవరు మార్చారో వాళ్ళని అడిగి చూడమనేవాణ్ణి. వాళ్ళు సాధారణంగా పక్క గదిలోనే ఉండేవారు.