మంచం దిగితేనే మేలు

బాబుకు రక్తక్యాన్సర్ అని తేలిన రోజు నుంచే ఇంట్లో ఆంక్షలు మొదలవుతాయి. పరిగెత్తొద్దు, మెట్లెక్కొద్దు, వీధిలోకి వెళ్లొద్దు. అన్నం కూడా మంచం దగ్గరికే వస్తుంది. తల్లిదండ్రుల భయం సహజమే. కానీ ఆ జాగ్రత్తే పిల్లాడి కాళ్లలో మిగిలిన బలాన్ని హరిస్తోంది.

పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. 1960ల ఆరంభంలో దీన్నుంచి బయటపడేవారు చాలా అరుదు. ఇప్పుడు సంపన్న దేశాల్లో దాదాపు 90 శాతం మంది కోలుకుంటున్నారు. అయితే రెండు మూడేళ్లు సాగే ఈ చికిత్సలో ప్రాణం నిలిపే మందులే ఒంటినీ దెబ్బతీస్తాయి. విన్‌క్రిస్టిన్ వల్ల కాళ్ల నరాలు బలహీనపడి పాదం సరిగా పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. స్టిరాయిడ్లు తొడ కండరాలను, ఎముకలను క్షీణింపజేస్తాయి. కింద కూర్చున్న పిల్లాడు చేతులు ఆనించకుండా లేవలేడు.

అందుకే క్యాన్సర్ బారిన పడిన పిల్లలందరికీ శరీర కదలిక ముఖ్యమని 2021లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అంటే పరుగు పందేలు పెట్టమని కాదు. ఓపిక ఉన్న రోజు నడక, బంతాట. నీరసంగా ఉంటే మంచం మీదే కాళ్లు చాచి ముడవడం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు గెంతులు, దెబ్బ తగిలే ఆటలు కూడదు. జ్వరం వస్తే ఆటలు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. తుంటి, మోకాలి నొప్పులుంటే ముందు డాక్టరుకు చూపించాలి.

కాగితం మీద రాసిస్తే మాత్రం సరిపోదు. నెదర్లాండ్స్‌లో 51 మంది పిల్లలపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్ల వ్యాయామ కార్యక్రమం మామూలు చికిత్స కంటే మెరుగైన ఫలితమివ్వలేదు. పిల్లలు దాన్ని సక్రమంగా పాటించకపోవడం ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

మన దగ్గర అసలు చిక్కు కూడా అదే. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జె, ముంబయిలోని టాటా మెమోరియల్ వంటి ఆస్పత్రులకు దూర ప్రాంతాల నుంచి కుటుంబాలు వస్తాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదలకు క్యాన్సర్ చికిత్స ఖర్చు భారం తగ్గింది. కానీ చికిత్సా కాలంలో ఎక్కువ రోజులు పిల్లాడు ఉండేది ఇంట్లోనే. అక్కడ అతణ్ని ఆడించాల్సింది అమ్మానాన్నలే. ఏ రోజు ఎంతవరకు ఆడించవచ్చో వారికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. రక్తపరీక్షకు వచ్చిన ప్రతిసారీ పిల్లాణ్ని మడమల మీద నాలుగడుగులు నడిపించి, నేల మీద నుంచి లేవమంటే బలం తగ్గుతున్న సంగతి ముందే బయటపడుతుంది. అందుకు పట్టేది కొద్ది నిమిషాలే. బతికి బయటపడుతున్న పిల్లల సంఖ్య పెరిగింది కాబట్టే ఇప్పుడు ఈ ప్రశ్న ముఖ్యమైంది: జబ్బు నయమై బడికి తిరిగి వెళ్లిన పిల్లాడు, ఆటల పీరియడ్‌లో మైదానంలో ఉంటాడా, గట్టు మీద కూర్చుంటాడా?