మోటారుసైకిలుపై మోకాలికి సుఖము

దినమునకు ముప్పై నలభై కిలోమీటర్లు మోటారుసైకిలుపై తిరుగవలసిన పశువైద్యుడో, మందుల కంపెనీ ప్రతినిధియో నలుబది యేండ్లు దాటిన తరువాత ఒకనాడు ఒక సంగతి గమనించును. బండి నడుచుచున్నంతసేపు బాధ అంతగా తెలియదు. ఊరు చేరి దిగబోగా మోకాలు వెంటనే చాగదు. రెండడుగులు కుంటుచు నడిచిన పిమ్మటగాని కాలు స్వాధీనమునకు రాదు. బండి మానివేసినచో జీవనము సాగదు. మానకున్నచో నొప్పి తగ్గదు. ఈ రెంటికిని నడుమ ఒక మార్గమున్నది. అది బండిని మనిషి మోకాలికి తగినట్లు సర్దుకొనుట. ఇందుకు కావలసిన మార్పు చాలమందికి రెండు మూడు అంగుళములే. అయితే ఆ అంగుళములను ఎక్కడ సంపాదించవలెనో, అందుకు బదులుగా ఏమి పోగొట్టుకొందుమో తెలిసియుండవలెను.

మోకాలిలో ఏమి జరుగును?

తొడ ఎముక క్రింది కొన, కాలి ఎముక పై కొన కలిసిన చోటు మోకాలు. ఈ కొనలపై నున్నని మృదులాస్థి పొర ఉండును. కీలు ముందుభాగమున మోకాటి చిప్ప అమరియున్నది. తొడ ముందరి కండరము లాగినప్పుడు ఈ చిప్ప బావి గిలకవలె పనిచేసి, ఆ లాగుడును కాలికి అందించును. కాలు ముడిచి బరువు మోయునప్పుడు, ఎంత ఎక్కువ ముడిచిన చిప్ప తొడ ఎముకను అంత గట్టిగా నొక్కును. రైలీ, మార్టెన్స్ అను పరిశోధకులు 1972లో ప్రకటించిన లెక్కల ప్రకారము ఈ ఒత్తిడి సమతలముపై నడచునప్పుడు శరీరపు బరువులో సగము మాత్రమే. మెట్లెక్కునప్పుడు మూడు రెట్లకు పైగా. గొంతుకూర్చుని లేచునప్పుడు ఏడెనిమిది రెట్లు.

మోటారుసైకిలుపై బరువులో ఎక్కువ భాగమును సీటు మోయును గనుక ఒత్తిడి అంతటిది కాదు. కాని రెండు చిక్కులున్నవి. గుంత వచ్చినప్పుడు నడుపువాడు ఫుట్‌రెస్టులపై లేచును. అప్పుడు ముడిచిన మోకాలిపైననే బరువంతయు పడును. ఇక రెండవది కదలిక లేకపోవుట. పెద్దవారి మృదులాస్థిలో రక్తనాళములు లేవు. దాని పోషణ ముఖ్యముగా కీలులోని ద్రవము నుండి జరుగును. కీలు కదలినప్పుడే ఆ ద్రవము చక్కగా లోనికి పోయి బయటికి వచ్చును. గంటల తరబడి ఒకే తీరున ముడిచియుంచిన మోకాలు బిగుసుకొనును. సినిమాహాలులో మూడు గంటలు కూర్చొని లేచునప్పుడు కొందరికి కలుగు బాధ ఇట్టిదే.

మూడు బిందువుల లెక్క

కూర్చొన్న మనిషి తుంటి, మోకాలు, చీలమండ ఒక త్రిభుజమునకు మూడు మూలలు. తొడ పొడవు 42 సెంటీమీటర్లు, మోకాలి నుండి చీలమండకు 42 సెంటీమీటర్లు ఉన్న మనిషిని తీసికొన్నచో, తుంటికిని చీలమండకును మధ్య దూరము 54 సెంటీమీటర్లున్నప్పుడు మోకాలి వెనుక కోణము 80 డిగ్రీలు. దూరము 57 అయినచో కోణము ఇంచుమించు 85 డిగ్రీలు. 60 అయినచో 91 డిగ్రీలు. అనగా ఆరు సెంటీమీటర్లతో మోకాలు 11 డిగ్రీలు విచ్చుకొన్నది. మామూలు కుర్చీలో కూర్చొన్నప్పటి కోణము సుమారు 90 డిగ్రీలు గనుక, ముడుచుకొని కూర్చొన్నవాడు కుర్చీ సుఖమునకు వచ్చినట్లే.

తన కోణము తెలిసికొనుట కష్టము కాదు. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, ఎక్కి కూర్చొని, ప్రక్కనుండి ఒక ఫోటో తీయించుకొనవలెను. మూడు బిందువులను గీతలతో కలిపి కోణమానినితో కొలిచిన చాలును.

సీటు పెంచుట

అన్నిటికంటె చౌక ఉపాయమిది. సీట్లు కుట్టువారు గట్టి స్పాంజి పొరను చేర్చి ఎత్తు పెంచగలరు. మెత్తని స్పాంజి పనికిరాదు. కూర్చొనగానే అణగి, పెంచిన ఎత్తు మాయమగును.

నష్టము నేల దగ్గర కనిపించును. నూటయేబది కిలోలకు మించిన బండిని కూడలిలో ఆపినప్పుడు మునివేళ్ళు మాత్రమే ఆనినచో, కంకరపై కాలు జారవచ్చును. బండి ఒరిగినప్పుడు ఆ బరువును ఆపవలసినది నొప్పిగల మోకాలే. కావున పాదము ముందుభాగమంతయు నేలకు ఆనునంత ఎత్తే పెంచదగును. సీటు ముందుభాగమున అంచులను సన్నగా కోయించినచో కాళ్ళు తిన్నగా దిగును. ఎత్తు పెరిగినను నేల అందును.

ఫుట్‌రెస్టులు దించుట, ముందుకు జరుపుట

ఫుట్‌రెస్టును దించినను మోకాలు విచ్చుకొనును, సీటు ఎత్తు మారదు. అయితే మలుపులో బండి వంగినప్పుడు అది నేలకు త్వరగా తగులును. నిలబడినప్పుడు మనిషి బరువంతయు దానిపైననే గనుక, అతుకు బలహీనమైనచో ప్రమాదము.

ఫుట్‌రెస్టు దిగినప్పుడు గేరు రాడ్డు, బ్రేకు పెడలు కూడ దిగవలెను. చాల బండ్లలో గేరు రాడ్డును పళ్ళ ఇరుసునుండి ఊడదీసి ఒక పన్ను క్రిందికి బిగించవచ్చును. బ్రేకు పెడలు పాదమును పైకెత్తకుండనే అందవలెను. దానిని సర్దిన తరువాత తొక్కుడులో ఉండవలసిన వదులును, వెనుక ఎర్రదీపము వెలుగుటను తప్పక చూచుకొనవలెను.

ఫుట్‌రెస్టులను ముందుకు జరిపినచో కాలు ఇంకను చాగును. కాని అప్పుడు బరువు నడుముపై పడును. గుంతలో లేచుటకు వీలుండదు గనుక అదురు వెన్నుకు నేరుగా తగులును. మోకాలి బాధ నడుమునకు మారుట లాభము కాదు.

కొందరు లెగ్‌గార్డుపై కాళ్ళు చాపి పోవుచుందురు. క్షణకాలము హాయిగానే ఉండును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. పాదము తిరిగి పెడలుపైకి వచ్చుటకు అరసెకను పట్టినను, బ్రేకు పడకముందే ఎనిమిది మీటర్లు గడచిపోవును. అడ్డముగా వచ్చిన దూడకును బండికిని నడుమ అంత దూరము ఉండకపోవచ్చును.

ఎక్కునప్పుడు, దిగునప్పుడు

మద్రాసులో తయారైన బుల్లెట్టు బండిని దశాబ్దములపాటు కిక్కుతోనే లేపెడివారు. కిక్కు ఎదురుతన్నినచో మంచి మోకాలికే దెబ్బ. మోకాలు నొప్పిగలవారు మీటతో లేచు బండిని ఎంచుకొనుట మేలు. సెంటర్ స్టాండు వేయునప్పుడు చేతులతో బండిని లాగరాదు. దాని కొసపై పాదము పూర్తిగా ఆనించి, కాలు చాచి శరీరపు బరువును మోపవలెను.

గంటకొకసారి ఆగి అయిదు నిమిషములు నడచుట ఏ మార్పు కన్నను తక్కువ ఖర్చు. కుర్చీలో కూర్చొని, కాలిని తిన్నగా చాచి, కొద్ది క్షణములు నిలిపి దించుట తొడ కండరమునకు బలమిచ్చును. ఆ కండరము బలముగా ఉన్నచో మోకాలికి అండ.

కొన్ని హెచ్చరికలు

మార్పులన్నియు ఒకేసారి చేయరాదు. ఒకటి చేసి, వారము దినములు నడిపి, మేలు కలిగినదో లేదో చూచి మరియొకటి చేయవలెను. లేనిచో ఏది ఉపకరించినదో తెలియదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను సాధారణముగా అనుమతింపదు. కావున చట్రమును కోయు పనులకు పూనుకొనరాదు.

మోకాలు వాచినను, వేడెక్కినను, నడుమ పట్టుబడి కదలకున్నను, నిలబడినప్పుడు హఠాత్తుగా మడతపడినను ముందు వైద్యుని చూడవలెను. అట్టి మోకాలితో కూడలిలో బండిని ఆపగలుగుట సందేహమే. సీటు సర్దుబాటు వైద్యమునకు బదులు కాదు.

చొక్కా కుట్టించుకొనునప్పుడు కొలతలు ఇచ్చు మనిషి, రోజుకు రెండు గంటలు కూర్చొను బండికి మాత్రము తానే ఒదిగిపోవుచున్నాడు. ఒక టేపు, ఒక స్పానరు, కొంత ఓపిక ఉన్నచో ఆ ఒదుగుటలో సగము బండికే అప్పగింపవచ్చును.